ఇంటర్వ్యూలో మొదటి నిమిషం ఇద్దరిదీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, ఉద్యోగం ఇంటర్వ్యూలో మొదటి చూపులోనే మంచి ఇంప్రెషన్ తెచ్చుకోవడం ఎలాగో చెబుతూ ఒక పేజీ వేశారు. మా అక్క కూతురు ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంది. మరో పది రోజుల్లో దాని జీవితంలో మొదటి ఇంటర్వ్యూ. మొన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి అద్దం ముందు నిలబడి తలుపు తీసుకుని లోపలికి వచ్చినట్టు, నవ్వినట్టు, కుర్చీలో కూర్చున్నట్టు ప్రాక్టీస్ చేస్తోంది. "నవ్వు ఎన్ని సెకన్లు ఉండాలి పిన్నీ?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. అది సరేగానీ నువ్వు చేసిన ప్రాజెక్టు గురించి రెండు ముక్కలు చెప్పు అన్నాను. అంతే, గొంతు తగ్గిపోయింది. "అదా, అది మేమందరం కలిసి చేశాం" అని ఆగిపోయింది. దాని ముఖం చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ముందుగా ఒక లెక్క సరిచేయమని అడుగుతున్నాను. ఎదుటి మనిషి మీద మనం వేసే ముద్రలో 93 శాతం బాడీ లాంగ్వేజ్, గొంతుదేననీ, మాటలది 7 శాతమేననీ మీ వ్యాసంలో ఉంది. ఇంటర్వ్యూ ట్రైనింగ్ ఇచ్చే చాలాచోట్ల ఇదే మాట చెబుతారు, కొత్తలో నేనూ నమ్మాను. ఆ అంకెలు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో తన సహచరులతో ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. అక్కడ ఇంటర్వ్యూ లేదు, అసలు సంభాషణే లేదు. విడి మాటల్ని ఒక్కొక్కటిగా రకరకాల గొంతుల్లో వినిపించి, ఒక ప్రయోగంలో దానికి తోడు ముఖాల ఫొటోలు కూడా చూపించి, ఈ మాట అన్న మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టం ఉన్నట్టా లేనట్టా అని అడిగారు. మాట ఒకటి చెబుతూ గొంతు ఇంకొకటి చెబుతుంటే జనం దేన్ని నమ్ముతారు, అదీ అక్కడి ప్రశ్న. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప వేరే ఎక్కడా ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే చెప్పారు కూడా. అంతెందుకు, మాటలది 7 శాతమే అయితే మనకి రాని భాషలో ఎవరు ఏం చెప్పినా 93 శాతం అర్థమైపోవాలి కదా.

ఇంటర్వ్యూకి ముందు చేతులు నడుం మీద పెట్టుకుని రెండు నిమిషాలు ఠీవిగా నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారతాయన్న చిట్కా కూడా అలాంటిదే. అది 2010లో 42 మందితో చేసిన ప్రయోగం. 2015లో వేరేవాళ్లు 200 మందితో చేసి చూస్తే హార్మోన్లలో ఆ మార్పు కనబడలేదు. ఆ మొదటి పేపరులో ముందు పేరున్న డేనా కార్నీ, తానిక దాన్ని నమ్మడం లేదని 2016లో బహిరంగంగానే రాశారు. అలా నిలబడితే నష్టమేమీ లేదు, నిలబడాలనిపిస్తే నిలబడొచ్చు. కానీ పిల్లలు దాని మీద పెట్టే పది నిమిషాలు రెజ్యుమెలో తాము రాసుకున్నది మళ్లీ చదువుకోవడం మీద పెడితే బాగుంటుందని నా బాధ.

నేను పద్నాలుగేళ్లుగా ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చుంటున్నాను. ఫస్ట్ ఇంప్రెషన్ అనేది ఉత్తిదేనని నేను అనడం లేదు. అది ఉంది, చాలా గట్టిగా ఉంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జానీన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరోవ్ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో ముక్కూమొహం తెలియని మనిషి ఫొటోని సెకనులో పదో వంతు సేపు చూపిస్తేనే జనం ఈ మనిషి నమ్మదగినవాడా, సమర్థుడా అని ఒక అభిప్రాయానికి వచ్చేశారు. ఎక్కువసేపు చూపించినప్పుడు అభిప్రాయం పెద్దగా మారలేదు, దాని మీద వాళ్ల నమ్మకం మాత్రం పెరిగింది. నన్ను భయపెట్టేది ఈ రెండో సంగతే. 1946లో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ యాష్ చేసిన ప్రయోగం ఇంకా తేలికగా అర్థమవుతుంది. ఒక మనిషి గురించి "తెలివైనవాడు, కష్టపడేవాడు, ఆవేశపరుడు, తప్పులెంచేవాడు, మొండివాడు, అసూయపరుడు" అని కొందరికి చదివి వినిపించారు. ఇంకొందరికి అవే ఆరు మాటలు చివరి నుంచి మొదటికి చదివారు. మంచి మాటలు ముందు విన్నవాళ్లకి అతను లోపాలున్నా పనికొచ్చే మనిషిగా కనబడ్డాడు, చెడు ముందు విన్నవాళ్లకి ఆ లోపాల వల్ల ఎందుకూ కొరగాకుండా పోయిన మనిషిగా కనబడ్డాడు. ఒక్క మాట కూడా తేడా లేదు, వరస ఒక్కటే తేడా.

ఇది నా కళ్లముందే జరిగింది, అందుకే ఇంతగా చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం మాట. ఒకమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. మా గది తలుపు లాగితే తెరుచుకుంటుంది, ఆమె బయట నుంచి నెట్టింది. అది కదలకపోయేసరికి ఇంకొంచెం గట్టిగా నెట్టింది. లోపల ఉన్న ఒకరు లేచి తలుపు తీసేసరికి చేతిలో ఫైలు జారి క్లిప్పు ఊడిపోయి సర్టిఫికెట్లన్నీ నేల మీద పరుచుకున్నాయి, ఒక జిరాక్స్ కాయితం టేబుల్ కిందకి నా కాళ్ల దాకా జారుకుంటూ వచ్చింది. ఆమె ముఖాన నెత్తురు చుక్క లేదు. నేను ఆ కాయితం తీసి ఇచ్చాను, ఆమె మోకాళ్ల మీద కూర్చుని మిగతావి ఏరుకుని, ఆ కంగారులోనే అన్నిటినీ వరసలో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, "ఒక్క నిమిషం మంచినీళ్లు తాగొచ్చా?" అని అడిగి తాగింది. ఇదంతా జరుగుతుండగానే నా పక్కన కూర్చున్న ఆయన తన మార్కుల షీటు పైమూల "కంగారు" అని రాసి దాని కింద రెండు గీతలు గీశారు. ఇంకా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ తర్వాతి అరగంట ఆ రెండు గీతల చుట్టూనే తిరిగింది. ఆమె సరైన జవాబు చెబితే ఆయన "అంతేనా?" అన్నారు. అదే ప్రశ్నకి అంతకుముందు వచ్చిన అబ్బాయి అదే జవాబు చెప్పినప్పుడు "గుడ్" అన్నారు. జవాబులు రాసుకునే అలవాటు నాకు ఉంది కాబట్టి రెండూ నా కాయితం మీద పక్కపక్కనే ఉన్నాయి. నిజానికి ఆ రోజు విన్న జవాబులన్నిట్లోకీ గొప్ప జవాబు ఆ అమ్మాయిదే. తను అంతకుముందు పార్ట్‌టైమ్‌గా చేసిన చోట ప్రతి నెలాఖరునా సరుకు లెక్క తేడా వస్తుండేదట, దొంగతనం అని అందరూ ఒకరినొకరు అనుమానించుకున్నారట. తను మూడు నెలల ఎంట్రీలు ముందేసుకుని చూస్తే, రాత్రి షిఫ్టులో పన్నెండు దాటాక ఎక్కించిన సరుకంతా మర్నాటి తేదీతో, అంటే వచ్చే నెల లెక్కలోకి పడుతోంది. కాయితం మీద బొమ్మ గీసి మరీ చూపించింది, చెయ్యి వణకలేదు, మాట తడబడలేదు. ఆ పనికి మాకు కావలసిన మనిషి అచ్చంగా అలాంటి మనిషే. చివర్లో అందరం మార్కులు కలిపి చూసేటప్పుడు ఆయన ముందుగా మాట్లాడారు, కంగారు మనిషి అన్నారు, మిగతావాళ్లు తలూపారు. నేను ఒకసారి అడ్డుచెప్పి ఊరుకున్నాను. ఆమెకి ఉద్యోగం రాలేదు. ఆ రోజు గట్టిగా మాట్లాడనందుకు నాకు ఇప్పటికీ తప్పు చేసినట్టే ఉంటుంది.

ఒక గుణాన్ని చూసి మిగతా గుణాలన్నిటికీ అదే రంగు పులిమేయడం గురించి మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే రాశారు. సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకి ఇచ్చిన మార్కులు చూస్తే, శరీర దారుఢ్యానికి ఎక్కువ వేసినవాళ్లకి తెలివికీ, నాయకత్వానికీ, నడవడికీ కూడా ఎక్కువే వేశారు. దానికి ఆయన వాడిన హాలో (బొమ్మల్లో దేవుళ్ల తల చుట్టూ ఉండే వెలుగు వలయం) అన్న మాటే ఇప్పటికీ వాడుకలో ఉంది. వందేళ్లు దాటింది. ఇంకా మన ఇంటర్వ్యూ గదుల్లో మార్కులు అలాగే పడుతున్నాయి.

సరే, ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్ల చేతిలో ఏముంది? బట్టలు శుభ్రంగా, ఒంటికి ఇబ్బంది లేకుండా ఉండాలి, పది నిమిషాలు ముందు చేరాలి, ఫోన్ సైలెంట్ చేయడం కాదు పూర్తిగా ఆపేయాలి. వీడియోలో అయితే కెమెరా కళ్ల ఎత్తులో, వెలుతురు ముఖం వైపు నుంచి, ముందురోజే ఒకసారి లింకు తెరిచి మాట వినబడుతోందో లేదో ఎవరితోనైనా చూసుకోవాలి. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, మీ వ్యాసంలో ముప్పావు భాగం దీనికే పోయింది.

నా అనుభవంలో అసలు ఇంప్రెషన్ పడేది మొదటి జవాబు దగ్గర. "మీ గురించి చెప్పండి" అంటాం. పదిమందిలో ఎనిమిది మంది బట్టీ పట్టింది అప్పజెబుతారు. నేను కష్టపడి పనిచేసే మనిషినంటారు, టీమ్‌తో కలిసిపోతానంటారు, కొత్తవి నేర్చుకోవడం ఇష్టమంటారు. అందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ ముందు వచ్చిన మనిషీ అదే చెప్పాడు, తర్వాత వచ్చే మనిషీ అదే చెబుతుంది. నా మొదటి ఇంటర్వ్యూలో నేనూ అదే చేశాను. గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే ఎదురుగా కూర్చున్న ఆయన చెయ్యెత్తి మధ్యలో ఏదో అడిగారు. జవాబు చెప్పాక మళ్లీ ఎక్కడ ఆపానో గుర్తురాక నోరు పెగల్లేదు. బట్టీ పట్టినదాన్ని మధ్య నుంచి ఎత్తుకోలేం, పైనుంచే మొదలుపెట్టాలి. ఆ నాలుగైదు సెకన్ల నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే, వాక్యాలు బట్టీ పట్టొద్దు, చెప్పాల్సిన సంగతులు మూడు గుర్తుపెట్టుకోండి చాలు. ఇప్పుడు ఏం చేస్తున్నాను, ఇప్పటిదాకా చేసినవాటిలో ఈ పనికి దగ్గరగా ఉన్నది ఏది, ఈ పని నాకెందుకు కావాలి. ఏ వరసలో చెప్పినా, ఎవరు మధ్యలో ఆపినా, సంగతులు ఎక్కడికీ పోవు. నిమిషం, నిమిషంన్నర మించక్కర్లేదు.

రెండోది, "మేము" అన్న మాట. మనవాళ్లలో చాలామందికి "నేను చేశాను" అనడానికి మొహమాటం. గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని, పక్కవాళ్ల కష్టం లాక్కున్నట్టు ఉంటుందని. ఆ సంస్కారం మంచిదే, కాదనను. కానీ టేబుల్‌కి ఇటువైపు కూర్చున్న మాకు "మేము చేశాం, చేయబడింది, అయిపోయింది" అని వినబడుతుంటే ఈ మనిషి అందులో ఏం చేసిందో తెలియక మార్కుల గడి ఖాళీగా ఉండిపోతుంది. మా అక్క కూతురిని ఆ సాయంత్రం కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగాను. కాలేజీ లైబ్రరీ పుస్తకాల లెక్క చూసే ప్రోగ్రామ్ నలుగురు కలిసి చేశారట. అందులో నువ్వేం చేశావు? అంటే అరగంటకి బయటికి వచ్చింది. ఒకే పేరున్న ఇద్దరు విద్యార్థుల పుస్తకాలు ఒకరి ఖాతాలోనే పడిపోతున్నాయని కనిపెట్టింది ఇదేనట. పేరుకి బదులు రోల్ నంబరుతో కలిపే భాగం ఇదే రాసిందట. మొదట రాసింది పాత రికార్డులకి పనిచేయకపోతే రెండు వారాలు కూర్చుని మళ్లీ రాసిందట. ఇంత పని చేసి "మేమందరం కలిసి చేశాం" అంటుంది! "నలుగురం చేశాం, అందులో నా భాగం ఇది" అంటే పక్కవాళ్లకి అన్యాయమూ లేదు, గొప్పలూ లేవు. మొదట చేసింది పనిచేయలేదన్న ముక్క కూడా దాచక్కర్లేదు, మేం వినాలనుకునేదే అది.

తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పడం గురించి మీ వ్యాసంలో ఒక్క మాట లేదు, పైగా "ఏదో ఒకటి ఆత్మవిశ్వాసంతో చెప్పండి" అని ఉంది. దయచేసి అలా రాయకండి. "ఇది నేను చేయలేదు, దీనికి దగ్గరగా ఇది చేశాను, మొదలుపెట్టాల్సి వస్తే ఇలా మొదలుపెడతాను" అని చెప్పినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగిందే తప్ప ఎప్పుడూ తగ్గలేదు. ఏదో ఒకటి చెప్పేసినవాళ్లు తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు, అక్కడి నుంచి వాళ్లు నిజం చెప్పినా మాకు అనుమానమే.

ఇక టెన్షన్. టెన్షన్ పడొద్దు, ప్రశాంతంగా ఉండండి అని అందరూ చెబుతారు. గుండె దడదడలాడుతున్న మనిషికి ప్రశాంతంగా ఉండమంటే, ఉండలేకపోతున్నానన్న టెన్షన్ ఇంకొకటి తోడవుతుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. నలుగురిలో పాడాల్సినవాళ్లు, ప్రసంగించాల్సినవాళ్లు, లెక్కల పరీక్ష రాయాల్సినవాళ్లు ముందుగా "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకోవడం కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అనుకుంటే బాగా చేశారు. దడ రెండిటికీ ఒకటే కాబట్టి, దాన్ని ఆపే పని పెట్టుకోకుండా పేరు మార్చడం తేలిక. నాకు తెలిసిన ఒకరిద్దరు పిల్లలకి చెప్పాను, పనిచేసిందన్నారు.

ఇప్పుడు మా వైపు సంగతి, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. మీరు ఎప్పుడు ఇంటర్వ్యూల గురించి వేసినా వెళ్లేవాళ్లకే చెబుతారు. కూర్చోబెట్టి అడిగేవాళ్లకి ఎవరూ ఏమీ చెప్పరు. మనిషిని చూడగానే పట్టేస్తాం అని మా వాళ్లలో చాలామంది గట్టిగా నమ్ముతారు. జేసన్ డేనా, రాబిన్ డాస్, నథానియల్ పీటర్సన్ 2013లో ప్రచురించిన ఒక ప్రయోగం వాళ్లు చదవాలి. విద్యార్థులు తోటి విద్యార్థుల్ని ఇంటర్వ్యూ చేసి వాళ్లకి రాబోయే మార్కులు ఊహించాలి. జవాబిచ్చేవాళ్లలో కొందరిని నిజం చెప్పొద్దని, ప్రశ్నలోని అక్షరాల్ని బట్టి ఒక గుడ్డి నియమం ప్రకారం అవును, కాదు అని చెప్పమన్నారు. అడిగేవాళ్లకి తేడా తెలియలేదు, మనిషి అర్థమయ్యాడనే అనుకున్నారు. పాత మార్కులు ఒక్కటే చూసి ఊహించినప్పటి కంటే ఇంటర్వ్యూ చేశాక వాళ్ల ఊహ ఇంకా తప్పింది.

దీనికి మందు కూడా ఎప్పుడో తెలుసు. తర్వాత 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న డేనియల్ కాహ్నమన్, 1950ల మధ్యలో ఇజ్రాయెల్ సైన్యంలో పనిచేస్తున్నప్పుడు, ఇంటర్వ్యూ పద్ధతి మార్చారు. ఆరు గుణాలు పెట్టుకుని, ఒక్కొక్క దాని గురించి ఆ మనిషి నిజంగా చేసిన పనుల్ని అడిగి, దానికి మార్కు వేశాకే తర్వాతి దానికి వెళ్లమన్నారు. మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నారని ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎదురుతిరిగారట. కానీ ఆ పద్ధతిలో వచ్చిన మార్కులు, ఆ కుర్రాళ్లు తర్వాత ఎలా పనిచేశారన్నది పాత పద్ధతి కంటే బాగా చెప్పగలిగాయి. 2022లో పాత పరిశోధనలన్నీ తిరగేసి లెక్క కట్టినప్పుడు కూడా, అందరినీ ఒకే ప్రశ్నలడిగి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూలే మనుషుల్ని ఎంచుకునే పద్ధతుల జాబితాలో పైన నిలిచాయి.

ఆ అమ్మాయి ఇంటర్వ్యూ తర్వాత నేను పట్టుబట్టి మా దగ్గర కొన్ని మార్పించాను. లోపలికి వచ్చిన మనిషికి ముందు మా పేర్లు, మేం ఏ పని చూస్తామో చెబుతాం. రెజ్యుమె ఆ మనిషి ముందు కూర్చుని కాకుండా ముందే చదువుకుని వస్తాం, ఎందుకంటే తల కాయితంలో పెట్టి "మీ గురించి చెప్పండి" అంటే ఎవరికి చెప్పాలో వాళ్లకి తెలియదు. మొదటి ప్రశ్న తేలికది, దానికి మార్కులు ఉండవు, గొంతు సర్దుకోవడానికే. ప్రతి జవాబుకీ అక్కడికక్కడే మార్కు, మనిషి బయటికి వెళ్లాక ఎవరి షీటు వాళ్లు అప్పగించేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. షీటు మీద పైమూల ఖాళీ లేకుండా చేశాను, అక్కడ ఎవరూ ఏమీ రాయలేరు. ఇవన్నీ చేసినా మొదటి చూపు ప్రభావం పూర్తిగా పోలేదు, నాలో కూడా పోలేదు. కానీ ఇప్పుడు తలుపు దగ్గర తడబడ్డ మనిషి పదో నిమిషంలో మంచి జవాబు చెబితే ఆ మార్కు ఎక్కడికీ పోదు.

ఆ గది తలుపు మీద "లాగండి" అని ఒక కాయితం కూడా అంటించాం.

ఎడిటర్ గారూ, ఆ 93 శాతం మాటకి వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి, పిల్లలు ఆ పేజీని కత్తిరించి దాచుకుంటున్నారు. వీలైతే ఇంటర్వ్యూ చేసేవాళ్ల కోసం కూడా ఒక పేజీ వేయండి. వేస్తానంటే మేం వాడే మార్కుల షీటు ఖాళీది ఒకటి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు